రాకముందే, రాకుండా, వస్తుందేమోనని: ‘ప్రీయెంప్టివ్‌లీ’ అనే ఆంగ్ల క్రియావిశేషణానికి తెలుగు సమార్థకాల పరిశీలన

ఆంగ్లభాషలోని ‘ప్రీయెంప్టివ్‌లీ’ అనే క్రియావిశేషణం పత్రికలలోను, పరిపాలనలోను, న్యాయ, వైద్య, సైనిక వ్యవహారాలలోను నేడు విరివిగా వినబడుతున్నది. రాబోవు చిక్కును ముందే ఊహించి, అది తలెత్తకముందే తగిన పని చేయుట అని దాని స్థూలార్థం. తెలుగులో దీనికి బదులుగా ‘ముందస్తుగా’ అనే ఒక్క మాటను నిలిపి తృప్తిపడుట పరిపాటి అయింది. ఆ ఒక్క మాట ఈ అర్థంలో ఎంత భాగాన్ని మోయగలదు, మోయలేని భాగాన్ని తెలుగుభాష ఏ రూపాలతో నిర్వహిస్తున్నది, సంస్కృత శాస్త్రకారులు ఇదే విషయాన్ని ఏ దృష్టితో విచారించారు అనేవి ఇక్కడ పరిశీలింపదగిన అంశాలు.

ఉదాహరణవాక్యాలకు కొల్లిపర పరిసరాలను గ్రహించుటకు కారణం కలదు. తెనాలికి ఈశాన్యంగా, కృష్ణానది కుడిగట్టున ఉన్న ఈ మండలంలో ఊళ్ళకు, నదికి మధ్య ఉన్నది కరకట్ట. కట్టకు ఇవతల వరి, దాని వెనుక మినుము. కట్టకు అవతల లంకభూములలో పసుపు, కంద, అరటి. ఎగువన ప్రకాశం బ్యారేజి వద్ద వదలిన నీరు కొద్ది గంటలలోనే ఈ లంకలను తాకుతుంది. 2009 అక్టోబరులోను, 2024 సెప్టెంబరు మొదటి దినాలలోను బ్యారేజి వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కుల స్థాయికి చేరినపుడు కొల్లిపర మొదలుకొని కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె వరకు నదీతీర గ్రామాలన్నీ కట్టను నమ్ముకొని గడిపినవే. ఇటువంటి చోట ‘ముందు’ అనే మాట నిఘంటువులోని ఆరోపం కాదు; ఏ పనికి ముందు, ఎంత ముందు అన్న ప్రశ్నకు సమాధానం తప్పితే పశువులు, పంటలు, ఒక్కొక్కప్పుడు మనుషులు కూడా దక్కరు.

ఆంగ్లపదం నడిచిన త్రోవ

ఈ ఆంగ్లపదానికి మూలం లాటిన్‌లోని ‘కొను’ అను అర్థం గల ‘ఎమెరె’ ధాతువు. దానికి ‘ముందు’ అను అర్థం గల ఉపసర్గ చేరినపుడు ఇతరులకంటె ముందుగా కొనుట అని అర్థం. ‘ప్రీయెంప్షన్’ అనగా తొలిగా కొనే హక్కు. ఇరుగుపొరుగు భూమి అమ్మకానికి వచ్చినపుడు దానిని ముందుగా కొనుటకు మహమ్మదీయ న్యాయశాస్త్రం ఇచ్చే ‘షుఫా’ హక్కును భారతీయ న్యాయస్థానాలు ఈ పేరుతోనే వ్యవహరించాయి. అమెరికాలో 1841లో చేసిన శాసనం ప్రకారం ప్రభుత్వభూమిలో ముందే కాపురముండి సాగుచేసుకొంటున్నవారు 160 ఎకరాల వరకు, ఎకరం ఒకటింపాతిక డాలరు చొప్పున, ఇతరులకంటె ముందు కొనుక్కొనగలిగారు. ఆ నామవాచకం నుండి క్రియ పుట్టినది ఆ శతాబ్దంలోనే. ‘ఇతరులు కొనకముందే కొనుట’ అన్నది ‘ఇతరులు చేయకముందే చేయుట’గాను, ఆపైన ‘ఎదిరి కొట్టకముందే కొట్టుట’గాను విస్తరించింది. 1971 డిసెంబరు 3వ తేదీ సాయంకాలం పాకిస్తాన్ వైమానికదళం భారత విమానస్థావరాలపై జరిపిన దాడులను చరిత్రకారులు ఈ విశేషణంతోనే పేర్కొంటారు.

ఈ క్రమంలో గమనింపదగినది ఒకటి. మూలార్థంలో ప్రమాదం లేదు, భయం లేదు. పోటీ మాత్రమే ఉన్నది. భయం తరువాత వచ్చి చేరింది. నేటి ఆంగ్లవ్యవహారంలో ఈ పదం మూడు అంశాలను ఒకే మూటగా కట్టి చెబుతున్నది: పని ముందు జరిగినదన్న కాలాంశం, కీడును శంకించినందున జరిగినదన్న హేత్వంశం, కీడును తప్పించుటకై జరిగినదన్న ప్రయోజనాంశం. కీడు నిజంగా తప్పినదా లేదా అన్నది మాత్రం చెప్పదు. ‘ప్రోయాక్టివ్‌లీ’ అనే మరొక పదం దీనికి సోదరప్రాయం. 1989లో వెలువడిన స్టీఫెన్ కవీ గ్రంథం తరువాత యాజమాన్యవిద్యలో మారుమ్రోగినది అదే. దానిలో చొరవకు ప్రాధాన్యం, శంక గౌణం. ఈ రెంటినీ తెలుగులో ఒకే మాటతో సరిపెట్టుట కూడా తరచు జరుగుతున్న పొరపాటే.

‘ముందు’ చూచే రెండు దిక్కులు

తెలుగులోని ‘ముందు’ దేశవాచకంగా ఎదుటిభాగాన్ని చెబుతుంది. కాలవాచకం అయినపుడు అది రెండు దిక్కులా తిరుగుతుంది. ‘ఇంతకుముందు చెప్పినాడు’ అన్నపుడు గతం. ‘ఇకముందు చెప్పడు’ అన్నపుడు భవిష్యత్తు. ‘ముందుముందు తెలుస్తుంది’ అన్నది పూర్తిగా రాబోవు కాలం. ‘ముందుతరాలు’ అన్న సమాసం సందర్భాన్ని బట్టి పితామహులకూ చెల్లుతుంది, పుట్టబోయేవారికీ చెల్లుతుంది. ‘మునుపు’, ‘మున్ను’ అనే రూపాలకు ఈ స్వేచ్ఛ లేదు; అవి గతానికే కట్టుబడినవి. ‘వెనుక’ కూడా ‘ముందు’ వంటిదే: ‘వెనుకటి రోజులు’ గడచినవి, ‘ఆ వెనుక వచ్చినవాడు’ తరువాత వచ్చినవాడు.

దీనికి కారణం ఊహింపరానిది కాదు. కాలంలో నడచిపోవు మనిషికి ఎదుట ఉన్నది భవిష్యత్తు. వరుసలో నిలిచిన సంఘటనలను ప్రక్కనుండి చూచువానికి మొదట వచ్చినది ముందున్నది. ఒకే మాట ఈ రెండు దృష్టులనూ భరిస్తున్నది.

ఇది తెలుగుకు మాత్రమే ప్రత్యేకం కాదు. సంస్కృతంలో ‘పురా’ అనే అవ్యయం ‘పూర్వకాలంలో’ అని అందరికీ పరిచితం. పురాణశబ్దం దానినుండి వచ్చినదే. అయితే అమరసింహుడు నానార్థవర్గంలో ఈ అవ్యయానికి చిరాతీతంతో పాటు నికటాగామి, అనగా దగ్గరలో రాబోవునది అనే అర్థాన్ని కూడా ఇచ్చినాడు. పాణిని మూడవ అధ్యాయం మూడవ పాదంలోని నాలుగవ సూత్రంలో, ‘యావత్’, ‘పురా’ అనే నిపాతాలు ఉపపదాలైనపుడు భవిష్యదర్థంలో లట్టు వస్తుందని విధించినాడు. అంటే ‘పురా’తో కూడిన వర్తమానరూపం ‘త్వరలోనే జరుగును’ అని బోధిస్తుంది. గతాన్ని చెప్పే మాటయే ముంచుకొచ్చే భవిష్యత్తునూ చెప్పుట రెండు భాషలలోను కనబడుచున్నందున, ‘ముందు’ను ఆధారంగా చేసికొని నిర్మించిన ఏ పదమైనా ఈ ద్వైధాన్ని కొంత మోసుకొనే వస్తుందని గ్రహింపవలెను.

‘ముందుజాగ్రత్త’ అనే సమాసం ఈ ద్వైధాన్ని చక్కగా నివారించుకొన్నది. సంస్కృతంలో ‘జాగ్రత్’ అనగా మేలుకొని ఉన్న అని అర్థం, శత్రంతరూపం. తెలుగులో అది ‘జాగ్రత్త’గా మారి, మెలకువ అనే అర్థం నుండి శ్రద్ధ, కాపుదల అనే అర్థాలకు జరిగి నామవాచకమైంది. కనుక ‘ముందుజాగ్రత్తగా’ అన్నపుడు కాలంతో పాటు కర్త మనఃస్థితి కూడా తెలుస్తున్నది. రాత్రి కట్టమీద లాంతరు పట్టుకొని మేలుకొని ఉన్నవాని స్థితికి ఇంతకంటె తగిన మాట లేదు.

‘ముందస్తు’కు ఆ బలం లేదు. దాని ప్రయోగాలు చూడగానే ఈ విషయం స్పష్టమవుతుంది. 2018 సెప్టెంబరు 6న తెలంగాణ శాసనసభ రద్దయి డిసెంబరు 7న జరిగిన ఎన్నికలు ‘ముందస్తు ఎన్నికలు’. ఇందులో గడువుకు ముందు అన్నదే అర్థం. ఆదాయంపై ఏడాది ముగియకముందే చెల్లించేది ‘ముందస్తు పన్ను’. ఇందులోనూ కాలమే. ఇక ‘ముందస్తు బెయిలు’ విషయం వేరు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 438వ సెక్షన్‌లోను, 2024 జూలై 1 నుండి దాని స్థానంలో అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 482వ సెక్షన్‌లోను ప్రధానమైనది తొందర కాదు, శంక. తనను అరెస్టు చేయవచ్చునని నమ్ముటకు కారణం ఉన్నవాడు న్యాయస్థానాన్ని ఆశ్రయిస్తాడు. ఆ ‘చేయవచ్చునని’ అన్న అంశం ‘ముందస్తు’లో ఎక్కడా లేదు. ఆందోళనలకు ముందునాడు నాయకులను నిర్బంధించుటను ‘ముందస్తు అరెస్టు’ అంటున్నారు. అక్కడ నివారణ ప్రధానం, అదీ పదంలో లేదు. గడువుకు ముందు, శంకతో, నివారణకై అనే మూడు వేర్వేరు అర్థాలకు ఒకే ముద్ర వేసినందున చదువరి ప్రతిసారీ సందర్భాన్ని వెదకికొనవలసి వస్తున్నది. మాట క్లుప్తమైనదే. క్లుప్తత వలన కలిగిన లాభం పత్రికా శీర్షికలకు మాత్రమే.

క్రియలోనే ఉన్న సమాధానం

తెలుగు ఈ అర్థభేదాలను విశేషణంతో కాక క్రియారూపాలతో చెప్పుకొంటుంది. ఇది ఈ భాషకు సహజమైన పద్ధతి. కరకట్టపై జరిగే ఒకే పనిని తీసికొని నాలుగు వాక్యాలుగా చెప్పి చూడవచ్చును.

‘గండి పడకముందే బస్తాలు వేసినారు.’ ‘గండి పడకుండా బస్తాలు వేసినారు.’ ‘గండి పడుతుందేమోనని బస్తాలు వేసినారు.’ ‘గండి పడకూడదని బస్తాలు వేసినారు.’

మొదటి వాక్యంలో వ్యతిరేక క్త్వార్థకానికి ‘ముందు’ చేరింది. బస్తాలు వేయుట ముందు, గండి పడుట తరువాత అన్న క్రమమే దీని ప్రధానార్థం. ఆ తరువాత గండి పడిందో లేదో ఈ వాక్యం తేల్చదు. ఇక్కడ ‘పడేముందు’ అనే భావార్థక రూపంతో పోల్చిచూడవలెను. ‘గండి పడేముందు బస్తాలు వేసినారు’ అంటే గండి పడినదనియే శ్రోత గ్రహిస్తాడు. అదే విధంగా ‘దొంగ వచ్చేముందు తలుపు వేసినాడు’ అంటే దొంగ వచ్చినాడు. ‘దొంగ రాకముందే తలుపు వేసినాడు’ అంటే దొంగ వచ్చి ఉండవచ్చును, అసలే రాకపోయి ఉండవచ్చును. ఒక సంఘటనకు ముందు అని చెప్పుటకు ఆ సంఘటన జరుగలేదని వ్యతిరేకరూపంలో చెప్పవలసి వచ్చుట పైకి విచిత్రంగా తోచినా, నివారణను గురించి మాట్లాడుటకు అదే అనువైనది. తప్పించిన కీడు ఏనాడూ జరుగదు. జరుగనిదానికి ‘ముందు’ అని ఎట్లా చెప్పగలరు? జరిగే రూపంలో చెప్పరాదు. జరుగని రూపంలోనే చెప్పవలెను. ఆంగ్లంలోని ‘బిఫోర్’ ఈ భేదాన్ని తనంతట తాను చూపలేదు. తెలుగు ‘-ఏముందు’, ‘-అకముందు’ అనే రెండు రూపాల ఎంపికలోనే చూపుతున్నది.

రెండవ వాక్యంలోని ‘పడకుండా’ ప్రయోజనాన్ని చెబుతుంది. అయితే ఫలసిద్ధి ప్రధానక్రియను బట్టి ఉంటుంది. ‘పడకుండా వేసినారు’ అన్నపుడు ఉద్దేశమే తెలుస్తున్నది. ‘పడకుండా ఆపినారు’, ‘పడకుండా చూచినారు’ అన్నపుడు ఫలం కూడా సిద్ధించినదని తెలుస్తున్నది. ఇక్కడి ‘చూచు’ కంటిచూపు కాదు, కాపాడుట. ‘ఇల్లు చూచుకొనుట’లో ఉన్న అర్థమే ఇక్కడా ఉన్నది.

మూడవ వాక్యం అన్నింటికంటె సూక్ష్మమైనది. సంశయార్థకమైన ‘ఏమో’, అనుకరణార్థకమైన ‘అని’ కలిసి కర్త మనస్సులోని శంకను అతని మాటగానే మన ముందు పెట్టుచున్నవి. పని జరిగిన కాలం గాని, ఫలితం గాని ఇందులో ప్రధానం కాదు. పనికి ప్రేరకమైన జ్ఞానం ప్రధానం. నాలుగవ వాక్యంలో అదే స్థానంలో జ్ఞానానికి బదులు ఇచ్ఛ ఉన్నది. సంస్కృతంలో ‘మా భూత్ ఇతి’ అనే ప్రయోగం ఈ నాలుగవదానికి సరిగా సరిపోతుంది. మాఙ్ యోగంలో లుఙ్ వస్తుందని (3.3.175), అప్పుడు అడాగమం ఉండదని (6.4.74) పాణిని చెప్పినాడు. భూతకాలికమైన లుఙ్, ఆగమాన్ని విడిచి, రాకూడని భవిష్యత్తును నిషేధించుటకు వచ్చుట విశేషం. ‘పురా’ విషయంలో చూచిన కాలవ్యత్యాసమే ఇక్కడ మరొక రూపంలో కనబడుతున్నది.

ఆంగ్ల క్రియావిశేషణం ఒక్క పదంలో చెప్పినదానిని తెలుగు ఇట్లు నాలుగు దారులలో చెబుతున్నది. దీనిని లోపంగా భావించి సమాసపదం కల్పించుకొనుట అనవసరం. ఏ దారిలో పోవలెనో వక్త నిర్ణయించుకొనవలసి వచ్చుట భాష చేసే మేలు.

మినుము చేనిలో పడని ఆవు

సంస్కృతవైయాకరణులు ఈ సమస్యను కారకప్రకరణంలో ఎదుర్కొన్నారు. విశ్లేషం జరిగినపుడు ధ్రువమైన అవధి అపాదానం అని సామాన్యసూత్రం (1.4.24). వెంటనే భయార్థక, త్రాణార్థక ధాతువుల యోగంలో భయహేతువు అపాదానమని (1.4.25), మరి రెండు సూత్రాల తరువాత వారణార్థక ధాతువుల యోగంలో ఈప్సితమైనది అపాదానమని (1.4.27) పాణిని విధించినాడు. వారణానికి భాష్యకారుడు ఇచ్చిన ఉదాహరణలో ఒకడు మినుముల నుండి ఆవులను మళ్ళిస్తున్నాడు. కాశికలో మినుములకు బదులు యవలు. వరి కోసిన వెంటనే మినుము చల్లే డెల్టా రైతుకు భాష్యోదాహరణ పరాయిది కాదు.

ఇక్కడ శంక ఇది. ఆవు ఇంకా చేనిలో అడుగుపెట్టలేదు. కలయిక లేనిచోట విశ్లేషం ఎక్కడిది? తోడేలును చూచి భయపడినవాడు తోడేలును తాకలేదు కదా? పతంజలి సమాధానం ప్రసిద్ధం. ప్రేక్షాపూర్వకారి అయిన మనిషి, అనగా ముందు చూచి పిదప చేసేవాడు, ‘ఇవి నన్ను చూచెనా చావు తప్పదు’ అని తలచి, బుద్ధితో ఆ అపాయాన్ని చేరి, దానినుండి మరలుతున్నాడు. ఆవులను తోలేవాడు సైతం ‘ఇవి అక్కడికి పోతే పైరు నశిస్తుంది, దానివలన అధర్మం, రాజభయం’ అని బుద్ధిలో చూచి వాటిని మరలుస్తున్నాడు. కనుక ఇక్కడి సంయోగమూ, విశ్లేషమూ రెండూ బౌద్ధాలే. సామాన్యసూత్రంతోనే అపాదానత్వం సిద్ధిస్తున్నందున ప్రత్యేకసూత్రాలు లేకున్నా చెల్లునని భాష్యకారుని ఆశయం.

వ్యాకరణలాఘవం కొరకు చేసిన ఈ విచారంలో నివారణ స్వరూపమంతా ఇమిడి ఉన్నది. కీడును ముందుగా బుద్ధిలో అనుభవించుట, అక్కడినుండి వెనుకకు మరలుట, ఆపైన చేతితో పని చేయుట అనే మూడు మెట్లు ఇందులో ఉన్నవి. ‘ప్రీయెంప్టివ్‌లీ’కి శాస్త్రీయమైన తత్సమం కావలెనన్న పట్టుదల ఉన్నవారికి ‘ప్రేక్షాపూర్వకంగా’ అన్నది సిద్ధంగా ఉన్నది. అది తరగతిగదిలో చెల్లును. గ్రామ చావడిలో చెల్లదు.

చిన్నయసూరి బాలవ్యాకరణ కారకపరిచ్ఛేదంలో భయం, త్రాణం, వారణం మొదలైనవాటి అవధికి ‘వలన’ వర్ణకాన్ని విధించి సంస్కృతమార్గాన్నే అనుసరించినాడు. భయత్రాణాల విషయంలో వ్యవహారం నేటికీ ఆ మార్గాన్ని పూర్తిగా విడువలేదు: ‘వరదనుండి కాపాడినాడు’ అంటున్నారు. వారణంలో మాత్రం భాష వేరుదారి పట్టింది. ‘చేనివలన ఆవును వారించినాడు’ అని ఎవరూ అనరు. ‘ఆవు చేలో పడకుండా అదిలించినాడు’ అంటారు. సంస్కృతం విభక్తితో చెప్పినదానిని తెలుగు వ్యతిరేకక్రియతో చెబుతున్నది. పతంజలి శ్రమపడి బుద్ధిలో కల్పించిన ఆ సంయోగాన్ని ‘పడు’ ధాతువు పైకి తెస్తున్నది, ‘-అకుండా’ వెంటనే దానిని కొట్టివేస్తున్నది. ‘చేలో పడకుండా’ అన్న చిన్న మాటలో చేనిలో పడిన ఆవు ఒక్క క్షణం కనబడి మాయమవుతుంది.

మూడు చేపలు, రెండు ప్రమాణాలు

సంస్కృతం ఈ గుణాన్ని క్రియావిశేషణంగా కంటె కర్తృనామంగా చెప్పుటకు ఇష్టపడింది. ‘అనాగతవిధాత’ అనగా ఇంకా రానిదానికి విధానం చేసికొనువాడు. పంచతంత్రంలోని మూడు చేపలలో మొదటిదాని పేరిది. రెండవది ప్రత్యుత్పన్నమతి, మూడవది యద్భవిష్యుడు. మహాభారతం శాంతిపర్వంలో కథ ఇదే. మూడవదాని పేరు మాత్రం దీర్ఘసూత్రుడు. ఈ పేరుభేదాన్ని తేలికగా తీసికొనరాదు. యద్భవిష్యుడు ‘కానున్నది కాకమానదు’ అని నమ్మి కదలడు. దీర్ఘసూత్రుడు తొందరేమున్నదని జాగుచేసి కదలడు. ఒకనిది సిద్ధాంతం, ఒకనిది అలవాటు. ఇద్దరిదీ ఒకే గతి.

కథనంలో మరొక భేదం ఉన్నది. పంచతంత్రంలో జాలరులు ‘రేపు వచ్చి పడుదము’ అని మాట్లాడుకొనగా అనాగతవిధాత విని ఆ రాత్రియే తరలిపోతుంది. భారతంలో జాలరులు నలుదిక్కులా కాలువలు తీసి మడుగునీటిని వెలుపలికి పంపుచుండగా, నీరు తగ్గుటను చూచి మొదటి చేప కీడును గ్రహిస్తుంది. మొదటిదానిలో వినికిడి, రెండవదానిలో అనుమానం. వాత్స్యాయనుడు న్యాయభాష్యంలో పూర్వవదనుమానానికి మేఘోదయాన్ని చూచి వాన పడునని ఊహించుటను, శేషవదనుమానానికి పొంగిన నదిని చూచి ఎగువన వాన పడినదని ఊహించుటను ఉదాహరించినాడు. కట్టమీద నిలిచినవాడు చేసేది ఈ రెండింటి కలయిక. నీటి రంగు, వేగం, కొట్టుకొచ్చే చెత్త చూచి ఎగువన జరిగినదానిని గ్రహిస్తాడు, దానినుండి రానున్నదానిని గ్రహిస్తాడు. బ్యారేజి నుండి వచ్చే ప్రమాద హెచ్చరిక వేరు, అది శబ్దం. చేప వినిన జాలరుల మాట వంటిది. విన్న మాట నిలువవలెనంటే అది స్పష్టంగా ఉండవలెను. నీరు తనంతట తాను స్పష్టమే.

తెలుగు సామెతలు ఈ విషయంలో చిత్రంగా ప్రవర్తిస్తాయి. ‘చేతులు కాలాక ఆకులు పట్టుకొన్నట్లు’ అనునది ముందుచూపును ‘ముందు’ అన్న మాట లేకుండా, తరువాతి స్థితిని చూపి బోధిస్తున్నది. ‘దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలె’ననునది ‘ఉండగానే’ అనే వర్తమానస్థితితో పని గడుపుకొన్నది. సంస్కృతంలో పంకప్రక్షాళనన్యాయం, అనగా బురద కడుగుకొనుటకంటె దూరముండి తాకకుండుట మేలు అన్నది, నేరుగా నివారణను చెబుతుంది. లౌకికవ్యవహారం మాత్రం దెబ్బతిన్నవాని రూపాన్నే ముందుంచింది.

ప్రకటనల భాష

1977 నవంబరు 19న దివిసీమను ముంచి, రేపల్లె, బాపట్ల తీరాలను తాకిన ఉప్పెనలో మరణించినవారి సంఖ్య పదివేల ప్రాంతమని లెక్క. 1990 మే 9న కృష్ణాముఖద్వార ప్రాంతంలోనే తీరం దాటిన పెనుతుపానులో ప్రాణనష్టం వెయ్యికి లోపే ఉన్నది. ఈ తేడాకు రాడారులు, ఆశ్రయభవనాలు, పెద్ద ఎత్తున జనాన్ని తరలించుట మొదలైన కారణాలు కలవు. హెచ్చరిక జనానికి అర్థమయ్యే భాషలో సకాలంలో చేరుట కూడా వాటిలో ఒకటి. ఆ దృష్టితో చూచినపుడు, వరదకాలంలో తరచుగా వినబడే ‘ముందస్తు చర్యలు చేపట్టబడుతున్నవి’ అనే ధోరణి వాక్యం వ్యాకరణదృష్ట్యా ఎంత బలహీనమైనదో తెలుస్తుంది. కర్త లేడు. కీడు పేరు లేదు. దేనికి ముందు అన్నది లేదు. కర్మణిప్రయోగంలో కర్త మరుగున పడుట సహజం; ‘ముందస్తు’ కలిసినపుడు కాలమూ, హేతువూ కూడా మరుగున పడినవి. వినినవాడు తాను చేయవలసినదేమిటో దాని నుండి గ్రహింపలేడు.

దీనికి బదులు ‘నీరు కట్టను ఆనకముందే లంకలోనివారు పశువులతో సహా కట్ట ఇవతలికి రావలెను’ అని చెప్పినపుడు అన్నీ ఉన్నవి. ‘రాత్రి మరింత పెరుగుతుందేమోనని పడవలు సిద్ధం చేసినాము’ అన్నపుడు చెప్పినవానికి కూడా నిశ్చయం లేదని, అయినా శంక చాలునని వినేవానికి తెలుస్తున్నది. నిశ్చయం లేనిచోట నిశ్చయం నటించిన ప్రకటన ఒకసారి తప్పితే మరుసటిసారి ఎవరూ కదలరు. ‘ఏమోనని’ అన్న రూపం ఈ ఇబ్బందిని తప్పిస్తుంది. పరిపాలనాభాషలో ఈ రూపానికి చోటు దొరకకుండుటకు అది గ్రామ్యమన్న అపోహయే కారణంగా తోచుచున్నది. వ్యాకరణదృష్ట్యా అందులో గ్రామ్యత ఏమీ లేదు.

వరద తగ్గిన తరువాత వ్రాసే నివేదికల భాష మరొక అంశం. కట్ట నిలిచినచోట ‘గండి పడలేదు’ అని వ్రాస్తారు. ఈ వాక్యంలో కట్ట తనంతట నిలిచినట్లున్నది. అదే స్థితికి తెలుగులో ‘గండి పడనీయలేదు’ అనే మరొక రూపం కలదు. ‘ఇచ్చు’ ధాతువు అనుమత్యర్థంలో సహాయక్రియగా చేరి, దానిపై వ్యతిరేకత రాగా, కీడు రాబోయినదనీ, దానిని ఒకరు అడ్డుకొన్నారనీ, ఆ అడ్డుకొనుట ఫలించినదనీ మూడూ తెలుస్తున్నవి. ఆంగ్ల క్రియావిశేషణం చెప్పలేని ఫలసిద్ధిని సైతం ఈ రూపం చెప్పుచున్నది. ‘పడలేదు’ అన్నపుడు కర్త గండి. ‘పడనీయలేదు’ అన్నపుడు కర్త, రాత్రంతా ఇసుకబస్తాలు మోసిన మనిషి.